కరగని ముడులు

పుదుచ్చేరి జిప్మర్ ఆస్పత్రికి చిత్తూరు, తిరుపతి, నెల్లూరు వైపు నుంచి తెలుగువాళ్లు చాలామందే వస్తుంటారు. వాళ్లలో ఎవరికైనా రక్తం ఎక్కించాల్సి వస్తే, స్టాండుకు వేలాడే ఎర్రటి సంచీని, దాని నుంచి చేతిదాకా దిగే సన్నటి గొట్టాన్ని చూస్తూ బంధువులు గంటల తరబడి మంచం పక్కనే కూర్చుంటారు. ఆ సంచీ, ఆ గొట్టం పీవీసీ. ఊళ్లో ఏ మేడ వెనక్కి వెళ్లి చూసినా గోడను అంటిపెట్టుకుని కిందికి దిగే పైపులూ పీవీసీయే. పైపు రంపానికి గాని లొంగదు. సంచీని పిడికిట్లో నలిపి వదిలేస్తే మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. రెండూ పుట్టింది మాత్రం ఒకే రకం తెల్లటి పొడి నుంచి.

తేడా ఎక్కడుందని అడిగితే ప్లాస్టిక్ పని తెలిసినవాళ్లు ఒక్క మాటలో చెప్పేస్తారు: మెత్తటి దాంట్లో ఆయిల్ కలుపుతారు. నిజమే. రక్తపు సంచీ బరువులో సుమారు మూడో వంతు ప్లాస్టిసైజర్ అనే చిక్కటి ద్రవమే. కానీ ఈ జవాబుతో అసలు ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. మూడో వంతు ద్రవం నిండిన పదార్థం కారిపోకుండా ఎలా నిలబడుతోంది? వాడకానికి ముందు ఆ సంచీని వంద డిగ్రీలు దాటిన ఆవిరిలో శుద్ధి చేస్తారు. రక్తం నిండాక సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి భూమ్యాకర్షణకు వేల రెట్ల బలంతో తిప్పుతారు. అయినా అది సాగి జారిపోదు. టైరు రబ్బరులో అణువులను గంధకంతో ఒకదానికొకటి కట్టేస్తారు. ఇందులో అలాంటి కట్లేమీ లేవు. మరి దాన్ని పట్టి ఉంచుతున్నదేమిటి?

ఈ ప్రశ్నకు సరైన జవాబు రావడానికి పదార్థం పుట్టాక ముప్పావు శతాబ్దం పట్టింది. గట్టి పైపు లోపలి సంగతి తేలడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది. పీవీసీని మనిషి ముందు వాడేశాడు, లోపల ఏముందో తర్వాత తెలుసుకున్నాడు. అలా తెలుసుకున్న ప్రతి ముక్కా మళ్లీ పైపు తయారీలోకి, సంచీ తయారీలోకి వచ్చి చేరింది. అందుకే నాకు ఈ కథంటే ఇంత ఇష్టం.

1835 నాటికి పుదుచ్చేరి ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది. ఇప్పటి జిప్మర్‌కు మూలమైన వైద్య పాఠశాల అక్కడ మొదలై అప్పటికి పన్నెండేళ్లు. ఆ ఏడాదే ఆన్రీ విక్టర్ రెన్యో అనే పాతికేళ్ల ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త, ఇథిలీన్‌కు క్లోరిన్ చేరిస్తే వచ్చే ఒక నూనెలాంటి ద్రవాన్ని ఆల్కహాల్‌లో కరిగించిన పొటాష్‌తో కలిపి కొత్త వాయువు ఒకదాన్ని రాబట్టాడు. అదే పీవీసీకి మూలమైన వినైల్ క్లోరైడ్. ఆయన దాని దగ్గర ఆగలేదు. తర్వాతి కాలంలో వాయువుల, ఆవిరి వేడి కొలతల్లో ఐరోపా అంతటికీ పెద్ద దిక్కయ్యాడు. సేవ్ర్ పింగాణీ కర్మాగారానికి అధిపతిగా ఉండగా ప్రష్యాతో యుద్ధం వచ్చింది. ఆ యుద్ధంలో ప్రయోగశాల ధ్వంసమైంది, చిత్రకారుడైన కొడుకు ప్రాణం పోయింది. అంత మనిషి జీవితంలో ఈ వాయువు ఒక చిన్న పేజీ.

ఆ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది, 1872లో, జర్మన్ శాస్త్రవేత్త ఆయ్‌గెన్ బౌమన్ ఈ వాయువును గాజు గొట్టాల్లో మూసి ఎండలో ఉంచాడు. లోపల తెల్లటి ఘనపదార్థం, అంటే మన పీవీసీ, పేరుకుంది. తనకు తెలిసిన ద్రావకాలు దాన్ని కరిగించలేకపోయాయి. అదేమిటో ఆయనకు తెలిసే అవకాశమే లేదు. వేల పరమాణువులు వరుసగా ముడిపడి గొలుసులా సాగిన అణువులు ఉంటాయన్న మాటను హెర్మన్ ష్టాడింగర్ గట్టిగా చెప్పింది 1920లో. అప్పుడు కూడా తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. బౌమన్ చూసింది చూసినట్టు రాసి వదిలేశాడు.

నలభై ఏళ్ల తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గరి గ్రీస్‌హైమ్ ఎలెక్ట్రాన్ సంస్థ దీన్ని మళ్లీ పట్టుకుంది. ఎసిటిలీన్ దీపాల కోసం పోగైన కార్బైడ్‌కు విద్యుద్దీపాల రాకతో గిరాకీ పడిపోయింది. మిగిలిపోయిన ఎసిటిలీన్‌తో ఏం చేయాలో చూడమని ఫ్రిట్స్ క్లాటేకు పని అప్పగించారు. ఆయన ఎసిటిలీన్‌కు హైడ్రోజన్ క్లోరైడ్ చేర్చి వినైల్ క్లోరైడ్ చేశాడు, ఎండతో దాన్ని పాలిమర్‌గా మార్చాడు, 1912–13 ప్రాంతంలో పేటెంట్లు కోరాడు. సెల్యులాయిడ్‌కు నిప్పంటుకునే జబ్బు ఉంది కాబట్టి దాని బదులు ఇది పనికొస్తుందని ఆశపడ్డాడు. పని సాగలేదు. ఈ పొడిని అచ్చుపోయాలంటే మెత్తబడేదాకా వేడి చేయాలి. అది మెత్తబడే వేడికీ చెడిపోయే వేడికీ మధ్య దూరం చాలా తక్కువ. వేడి ఎక్కువైతే గొలుసు నుంచి ఒక క్లోరిన్ పక్కనున్న హైడ్రోజన్‌ను తీసుకుని ఆమ్లంగా ఊడిపోతుంది. ఒకటి ఊడితే దాని పక్కది ఊడటం మరీ తేలిక. తెల్లగా ఉన్నది పసుపై, గోధుమై, చివరికి నల్లబడుతుంది. వచ్చే ఆమ్లం యంత్రాలను తినేస్తుంది. సంస్థ విసిగిపోయి 1920ల మధ్యలో పేటెంట్లను వదిలేసుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1926లో, అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో బీఎఫ్ గుడ్‌రిచ్ రబ్బరు కంపెనీలో వాల్డో సీమన్ అనే యువ రసాయనవేత్త వేరే పని మీద ఉన్నాడు. రబ్బరును ఇనుముకు అంటించే జిగురు కావాలి. పీవీసీ నుంచి క్లోరిన్‌ను కావాలనే ఊడగొడితే అంటుకునే గుణమున్న పదార్థం వస్తుందేమోనని చూస్తున్నాడు. అందుకోసం పొడిని ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ లాంటి, ఎంతో వేడికి గాని మరగని ద్రవాల్లో వేసి కాచాడు. పొడి కరిగింది. చల్లారాక మిగిలింది ద్రావణం కాదు, జిగురూ కాదు. నొక్కితే వంగి, వదిలితే లేచే మెత్తటి ముద్ద. దాంతో బంతి చేస్తే ఎగిరింది, గుడ్డకు పూస్తే నీరు ఇంకలేదు. ఆ గుడ్డను కంపెనీ ఉపాధ్యక్షుడి బల్ల మీది కాగితాలపై పరిచి, మీద కూజాడు నీళ్లు ఒంపి చూపించాడని చెబుతారు. కాగితాలు తడవలేదు, ప్రయోగానికి డబ్బు వచ్చింది. 1933 అక్టోబరులో పేటెంట్ అందింది. సీమన్ నూరేళ్లు బతికి 1999లో కన్నుమూశాడు. తన ముద్ద ప్రపంచమంతా వైర్ల తొడుగులుగా, గొట్టాలుగా, చెప్పుల అడుగులుగా మారడం కళ్లారా చూశాడు.

గట్టి పీవీసీ దారి జర్మనీలో తెరుచుకుంది. ప్లాస్టిసైజర్ కలపకుండానే, వేడికి తట్టుకునేలా స్టెబిలైజర్లు చేర్చి, 1930ల మధ్య నుంచి నీటి పైపులు తీశారు. యుద్ధానికి ముందు వేసిన ఆ పైపుల్లో కొన్ని దశాబ్దాల తరబడి నీళ్లు మోశాయి.

ఇంత జరిగినా లోపల ఏముందన్నది తెలియదు. ప్లాస్టిసైజర్ చేసేదేమిటో చెప్పడానికి 1940ల్లో రెండు మూడు వాదాలు పుట్టాయి. గొలుసుల మధ్య కందెనలా పనిచేసి అవి జారేలా చేస్తుందన్నారు కొందరు. గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకునే చోట్లను విడదీస్తుందన్నారు మరికొందరు. రెండిట్లోనూ నిజముంది. పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. గొలుసులో ప్రతి రెండో కార్బన్‌కు ఒక క్లోరిన్ వేలాడుతుంది. అది ఎలక్ట్రాన్లను తనవైపు గుంజుకోవడంతో పొరుగు గొలుసు మీది హైడ్రోజన్లకూ దానికీ మధ్య గట్టి ఆకర్షణ ఏర్పడుతుంది. అందుకే దాదాపు 80 డిగ్రీల సెల్సియస్ దాకా గొలుసులు కదలక గాజులా బిగుసుకుని ఉంటాయి. మన ఎండాకాలంలో మిద్దె మీది పైపు వంగిపోకపోవడానికి కారణం అదే. ప్లాస్టిసైజర్ అణువులు ఈ గొలుసుల మధ్య దూరి ఆ ఆకర్షణల్లో కొన్నింటిని తమవైపు తిప్పుకుంటాయి. గొలుసులకు మసలే చోటు దొరుకుతుంది. తగినంత కలిపితే ఆ 80 డిగ్రీల గీత సున్నాకు దిగువకు పడిపోతుంది. మెత్తదనం అర్థమైంది. కారిపోకపోవడం మాత్రం ఈ వాదాలకు అందలేదు.

దాన్ని పట్టుకున్నది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ పాలిటెక్నిక్ చుట్టూ చేరిన వాళ్లు. ఆ బృందానికి పెద్ద హెర్మన్ మార్క్. 1938లో హిట్లర్ సేనలు ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు వియన్నా నుంచి కుటుంబంతో కారులో బయటపడిన మనిషి. తన పొదుపునంతా ప్లాటినం తీగగా మార్చి, దాన్ని బట్టలు తగిలించే హ్యాంగర్లుగా వంచి, భార్య అల్లిన నూలు తొడుగులు కప్పి సరిహద్దు దాటించాడు. అలా వచ్చినవాడు అమెరికాలో పాలిమర్ శాస్త్రానికి మొదటి పెద్ద బడి కట్టాడు. ఆయన, టర్నర్ ఆల్‌ఫ్రీ, మరో ఇద్దరు కలిసి 1947లో మెత్తటి వినైల్ పట్టీలకు బరువులు కట్టి ఎంతసేపటికి ఎంత సాగుతాయో కొలిచి ప్రచురించారు. చూడటానికి సాదా పని. కానీ ఫలితం విచిత్రం. పట్టీ మొదట గబగబా సాగుతుంది, తర్వాత దాదాపు ఆగిపోతుంది. బరువు తీసేస్తే వెనక్కి వస్తుంది. చిక్కటి ద్రవమైతే ఇలా ఆగదు, వెనక్కి రాదు. లోపల ఏదో దాన్ని పట్టి లాగుతోంది.

1949లో ఆల్‌ఫ్రీ, వీడర్‌హార్న్, స్టైన్, టొబోల్‌స్కీ ఆ పట్టి లాగేదేమిటో చెప్పారు. పీవీసీ గొలుసుల్లో అత్యధిక భాగం ఏ క్రమమూ లేకుండా చిక్కుపడి ఉంటుంది. అక్కడక్కడా కొన్ని గొలుసుల చిన్న చిన్న భాగాలు మాత్రం పక్కపక్కన ఒద్దికగా పేరుకుని బుల్లి స్ఫటికాలవుతాయి. ప్లాస్టిసైజర్ చిక్కుపడిన భాగాల్లోకి దూరుతుంది గాని ఈ స్ఫటికాల్లోకి దూరలేదు. ఒక్కో గొలుసు ఇక్కడ ఒక స్ఫటికంలో, కొంత దూరం పోయి ఇంకో స్ఫటికంలో చిక్కుకుని ఉంటుంది. పుదుచ్చేరి తీరంలో మత్స్యకారులు ఆరేసిన వలను చూడండి. దారం ఎటు పడితే అటు వంగుతుంది, ముడులు జారవు, అందుకే వల వలగా ఉంటుంది. మెత్తటి పీవీసీ కూడా అలా అల్లుకున్నదే. అందులో స్ఫటికాలు ముడులు.

ఆ ముడుల లోపలి అమరికను 1956లో ఇటలీలో జూలియో నట్టా, పావ్‌లో కొర్రాదీని ఎక్స్ కిరణాలతో తేల్చారు. గొలుసు వెంట క్లోరిన్లు ఒకటి ఈ పక్కకు, తర్వాతది ఆ పక్కకు తప్పకుండా మారుతూ వచ్చిన చోట మాత్రమే గొలుసులు ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కర్మాగారంలో తయారయ్యే పీవీసీలో క్లోరిన్లు చాలావరకు ఎటు పడితే అటు వస్తాయి. ఆ క్రమం అదృష్టవశాత్తు కొద్దిదూరం కుదిరిన చోటే స్ఫటికం. అందుకే మొత్తంలో స్ఫటికాల వాటా 5 నుంచి 10 శాతమే. అవి కొలతకు కొన్ని నానోమీటర్లే, పైగా అన్నీ ఒక్క సైజులో ఉండవు. చిన్నవి వంద డిగ్రీలు దాటగానే కరిగితే, బలమైనవి 200 డిగ్రీలు దాటేదాకా నిలుస్తాయి. ఆవిరి శుద్ధిలో సంచీ ఆకారం చెడకపోవడానికి, సీమన్ ముద్ద చల్లారగానే బంతి కాగలగడానికి ఈ పిడికెడు ముడులే కారణం. పాలిమర్ల గురించి నాకు తెలిసిన సంగతుల్లో ఇంత కొద్దిపాటి క్రమం ఇంత పెద్ద పని చేయడం మరెక్కడా చూడలేదు.

ఇంకో వింత కూడా బయటపడింది. ప్లాస్టిసైజర్‌ను కొంచెంగా, అంటే పది శాతం లోపు కలిపితే పీవీసీ మెత్తబడదు. ఇంకా గట్టిపడి పెళుసవుతుంది. కాస్త చోటు దొరికిన గొలుసులు దగ్గరగా సర్దుకుంటాయి, కొత్త స్ఫటికాలు కట్టుకుంటాయి, గొలుసుల్లో ఉన్న చిన్నపాటి కదలికలు కూడా అణిగిపోతాయి. ఆ పరిమితి దాటితే గాని మెత్తదనం మొదలవదు. గట్టి పీవీసీ, మెత్తటి పీవీసీ అని రెండు రకాల సరుకు ఎక్కువగా చూస్తాం గాని, నడిమి రకం అరుదుగా కనిపించడానికి ఇదొక కారణం.

ఇక గట్టి పైపు సంగతి. దీన్ని అర్థం చేసుకోవాలంటే పొడి పుట్టే చోటికి వెళ్లాలి. పుదుచ్చేరికి దక్షిణాన ఇరవై పైచిలుకు కిలోమీటర్ల దూరంలో కడలూరు. అక్కడి సిప్‌కాట్ పారిశ్రామిక వాడలో సన్మార్ గ్రూపు పీవీసీ కర్మాగారం 2009లో మొదలైంది. అదే గ్రూపు కెంప్లాస్ట్ 1967 నుంచి మేట్టూరులో పీవీసీ చేస్తోంది. కడలూరుకు వినైల్ క్లోరైడ్ ఓడల్లో వస్తుంది. సస్పెన్షన్ పద్ధతిలో నడిచే కర్మాగారాల్లో ఆ ద్రవాన్ని పీడనం కింద నీళ్లలో వేసి జోరుగా కలుపుతారు. అది చిన్న చిన్న బొట్లుగా విడిపోతుంది. ఒక్కో బొట్టు లోపలే గొలుసులు పెరుగుతాయి. పీవీసీ తన సొంత మోనోమర్ అయిన వినైల్ క్లోరైడ్‌లోనే కరగదు. కాబట్టి పుట్టిన గొలుసు పుట్టినట్టే ముడుచుకుని నానోమీటర్ల ఉండవుతుంది. ఆ ఉండలు గుమిగూడి సుమారు ఒక మైక్రాన్ గోళాలవుతాయి. ఆ గోళాలు ఒకదానికొకటి అంటుకుని 100–150 మైక్రాన్ల రేణువుగా తేలతాయి. చేతిలోకి తీసుకుంటే పిండిలా జారే రెసిన్‌లో ఒక్కో రేణువు లోపలా ఇన్ని అంతస్తులున్నాయి, వాటి మధ్య ఖాళీలున్నాయి. రియాక్టర్ వేడి 50 నుంచి 70 డిగ్రీల మధ్య ఎంత ఉంచారన్న దాన్నిబట్టి గొలుసు పొడవు మారుతుంది. పైపుల వాళ్లు అడిగే కే-67 రకంలో ఒక్కో గొలుసుకు సగటున సుమారు వెయ్యి వినైల్ క్లోరైడ్ ముక్కలుంటాయి.

రేణువులోని ఆ ఖాళీలకు ప్రాణాలతో ముడిపడిన చరిత్ర ఉంది. 1974 జనవరిలో బీఎఫ్ గుడ్‌రిచ్ తన లూయీవిల్ కర్మాగారం కార్మికుల్లో అరుదైన కాలేయ క్యాన్సర్ మరణాలను బయటపెట్టింది. వినైల్ క్లోరైడ్ వాయువును పీల్చడమే కారణమని తేలింది. అమెరికాలో పని చోట గాలిలో అది పది లక్షల భాగాలకు 500 భాగాలు దాకా ఉండవచ్చన్న పరిమితిని ఏకంగా ఒక్క భాగానికి తగ్గించారు. రేణువులో చిక్కుకున్న వాయువును కూడా ఆవిరితో తరిమేయాలి. రేణువు గట్టి గుండులా ఉంటే వాయువు బయటికి రాదు. స్పంజిలా ఉంటే తేలిగ్గా వస్తుంది. అప్పటిదాకా ప్లాస్టిసైజర్ పీల్చుకోవడానికి పనికొస్తాయని మెచ్చుకున్న ఖాళీలు ఇప్పుడు మనిషి భద్రతకే అవసరమయ్యాయి. కలిపే వేగం, నీళ్లలో వేసే రసాయనం మార్చి రేణువును లోపలి నుంచి మలచడం నేర్చుకున్నారు.

పొడిని కరిగిస్తే ఈ అంతస్తులన్నీ చెరిగిపోతాయనే అందరూ అనుకున్నారు. 1967లో గుడ్‌రిచ్‌కే చెందిన బెరెన్స్, ఫోల్ట్ అలా జరగదని చూపించారు. యంత్రంలోంచి ప్రవహిస్తున్న వేడి పీవీసీలో కదిలేది విడివిడి గొలుసులు కావు, మైక్రాన్ గోళాలే ఒకదాని పక్కన ఒకటి జారుతున్నాయి. వేడి పెరిగే కొద్దీ గాని గోళాల హద్దులు కలిసిపోవు. 1980ల మొదట్లో బ్రిటన్‌లోని ఐసీఐకి చెందిన ఆల్సప్, పైపు తీసే యంత్రమైన ఎక్స్‌ట్రూడర్ లోపల రేణువులు మొదట ఇరుక్కుని, తర్వాత నొక్కుకుపోయి, ఆపైన కలిసి, సాగే తీరును వరుసగా చూపించాడు. గోళాల హద్దుల్లో స్ఫటికాలు కొంత కరగాలి, గొలుసు చివరలు పక్క గోళంలోకి వెళ్లాలి, చల్లారేటప్పుడు అక్కడ కొత్త స్ఫటికాలు కట్టుకుని రెంటినీ కుట్టేయాలి. దీన్నే పైపుల వాళ్లు గెలేషన్ అంటారు. అంటే ప్లాస్టిసైజర్ చుక్క లేని గట్టి పైపును కూడా ఒక్కటిగా పట్టి ఉంచేది ఆ ముడులే. రియాక్టర్‌లో పుట్టి ఇంకా కరగకుండా మిగిలినవి కొన్ని, పైపు చల్లారేటప్పుడు పుట్టినవి కొన్ని.

ఈ సంగతి తేలే నాటికి తెలుగు నేల మీద పైపుల పరిశ్రమ ఊపందుకుంటోంది. బోరుబావులు లోతుకు పోతున్న కాలం. సూర్యాపేటలో సుధాకర్ పైపులు అప్పటికే పేరు తెచ్చుకున్నాయి. కడప జిల్లాలో పుట్టి, వరంగల్ ఇంజనీరింగ్ కళాశాలలో మెకానికల్ చదివి, భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసిన ఎస్పీవై రెడ్డి ఆ ఉద్యోగం వదిలి నంద్యాల చేరారు. నల్ల ప్లాస్టిక్ పైపులతో మొదలుపెట్టి 1984లో నంది పీవీసీ పైపులకు వచ్చారు. ఆయన తర్వాత మూడుసార్లు నంద్యాల ఎంపీ అయ్యారు గాని, రాయలసీమ రైతుకు ముందు తెలిసింది పైపు మీది నంది పేరే. పుదుచ్చేరి లాంటి సముద్రపు ఊళ్లలో పీవీసీకి ఆదరణ మరో కారణంగా వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచివాళ్లు ముత్తిరపాళెం ఊటల నుంచి నీళ్లు తెచ్చిన గుర్తుగా అక్కడి పార్కులో ఆయి మండపం నిలిచి ఉంది. ఊళ్లోకి నీళ్లు వచ్చిన ఆ కాలం నుంచీ ఇనుప గొట్టానికి ఉప్పుగాలే శత్రువు. పీవీసీ లోహం కాదు, ఉప్పులోని క్లోరైడ్ దాన్ని చేయగలిగిందేమీ లేదు.

తాగునీటి గట్టి పీవీసీ పైపులకు మన ప్రమాణం ఐఎస్ 4985. పైపు మీద ఆ అంకె ముద్రించి ఉంటుంది. గోడ మందం, పీడనం తట్టుకునే శక్తి, బరువు పడితే పగలకుండా ఉండటం లాంటివి అందులో చూస్తారు. గెలేషన్ మాత్రం కంటికి కనిపించేది కాదు. సరిగ్గా కలవని పైపు కూడా బయటికి నున్నగా మెరుస్తుంది. కొన్నాళ్ల పీడనం తర్వాత గోళాల హద్దుల వెంట చీలుతుంది. దాన్ని ముందే పట్టుకోవడానికి పైపు అంచును వాలుగా చెక్కి మెథిలీన్ క్లోరైడ్‌లో అరగంట ముంచుతారు. బాగా కుట్టుకున్న గోళాలను ఆ ద్రావకం ఏమీ చేయలేదు, విడివిడిగా ఉన్నచోట తెల్లగా పుండు చేస్తుంది.

ఇంతకంటే అందమైన పరీక్షను 1981లో ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయం నుంచి మేరియన్ గిల్బర్ట్, వివోదా ప్రచురించారు. పైపు నుంచి కొన్ని మిల్లీగ్రాముల ముక్క గీసి తీసి, నెమ్మదిగా వేడి చేస్తూ అది ఎంత వేడి పీల్చుకుంటుందో గీత గీస్తారు. గీతలో రెండు గుట్టలు వస్తాయి. మొదటిది పైపు చల్లారేటప్పుడు కట్టుకున్న స్ఫటికాలది, రెండోది కరగకుండా మిగిలిన పాత స్ఫటికాలది. రెంటి మధ్య లోయ ఏ డిగ్రీ దగ్గర ఉందో, ఎక్స్‌ట్రూడర్‌లో ఆ ముక్క చూసిన గరిష్ఠ వేడి సుమారు అంతే. పదేళ్లు నేలలో ఉన్న పైపును తవ్వి తీసి, అది పుట్టిన రోజు యంత్రాన్ని ఎంత వేడి మీద నడిపారో చెప్పొచ్చు. గెలేషన్ ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న నమ్మకం కూడా ఈ కొలతలతో పోయింది. పాత స్ఫటికాలు కొన్ని మిగిలిన నడిమి స్థితిలోనే పైపు దెబ్బలను బాగా ఓర్చుకుంటుంది.

2021లో కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ పైపుల్లో సీసపు స్టెబిలైజర్లను తొలగించే నియమాలు తెచ్చింది. తాగునీటిలోకి సీసం దిగకూడదన్నది నూటికి నూరుపాళ్లు సరైన నిర్ణయం, ఇంకా ముందే రావలసింది. సీసం బదులు కాల్షియం-జింక్ వాడితే పొడి ఎక్స్‌ట్రూడర్ స్క్రూకు రాసుకునే తీరు, కరిగే వేగం మారతాయి. పాత వేడి, పాత వేగంతో యంత్రం నడిపితే గెలేషన్ తప్పుతుంది. కాబట్టి నియమం మారినప్పుడు స్టెబిలైజర్ డబ్బా మీది పేరొక్కటే మారితే చాలదు.

ఇంట్లో ప్లంబర్ చేసే పనిలోనూ ఈ శాస్త్రమే ఉంది. ఆయన పూసే సొల్యూషన్‌లో ప్రధానంగా ఉండేది పీవీసీని ఉబ్బించే ద్రావకాలు, వాటిలో కరిగించిన కాస్త పీవీసీ. పైపు పైతోలు, ఫిట్టింగ్ లోపలి తోలు ఉబ్బి, గొలుసులు అటూ ఇటూ కలిసి, ద్రావకం ఆవిరయ్యాక ఒకే ముక్కగా బిగుసుకుంటాయి. ఆ గొలుసులు సర్దుకోవడానికి గంటలు పడుతుంది. డబ్బా మీద రాసిన వ్యవధి గడవకముందే మోటారు వేయమని తొందరపెట్టే ఇంటివాళ్లకు ఈ మాట తెలిస్తే బాగుండు.

రక్తపు సంచీ కథ మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. గాజు సీసాల్లో రక్తం దాచే రోజుల్లో అవి పగిలేవి, గాలి చొరబడేది, కడగడంలో సూక్ష్మజీవులు మిగిలేవి. 1950 ప్రాంతంలో బోస్టన్ శస్త్రవైద్యుడు కార్ల్ వాల్టర్, విలియం మర్ఫీ కలిసి మెత్తటి పీవీసీ సంచీని రూపొందించారు. మనదేశంలో తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ 1980ల్లో ఆ పరిజ్ఞానాన్ని సొంతంగా తయారుచేసి పరిశ్రమకు అందించింది. దిగుమతి మీద ఆధారపడిన రక్తనిధులకు అది ఎంత మేలు చేసిందో చెప్పడానికి మాటలు చాలవు.

1970లో జేగర్, రూబిన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు సంచీలోని డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిసైజర్ రక్తంలోకి దిగుతోందని కనిపెట్టారు. దిగడం సహజమే. అది గొలుసులకు రసాయన బంధంతో కట్టుబడి లేదు, మధ్యలో తిరుగుతోందంతే. రక్తంలోని కొవ్వు దాన్ని పిలిచి లాక్కుంటుంది. నెలలు నిండకుండా పుట్టి పదేపదే రక్తం ఎక్కించుకునే పసికందుల విషయంలో వైద్యులకు ఇది నిజమైన ఆందోళన. అయితే 1980ల్లో మరో సంగతి తెలిసింది. ఆ దిగిన డీఈహెచ్‌పీ ఎర్రకణాల పొరలో చేరి అవి పగిలిపోకుండా కాపాడుతోంది. మనం ఎక్కువగా వాడే సీపీడీఏ ద్రావణంలో రక్తం 35 రోజులు నిల్వ ఉంటుందన్న లెక్కలో దాని సాయమూ ఉంది.

ఇప్పుడు దాని బదులు సిట్రిక్ ఆమ్లం నుంచి వచ్చే కొన్ని ప్లాస్టిసైజర్లను, డించ్ అనే మరోదాన్ని వాడి చూస్తున్నారు. కొత్తది చిక్కుపడిన గొలుసుల్లోకి తేలిగ్గా దూరాలి, స్ఫటికాలను మాత్రం ముట్టకూడదు. మరీ మంచి ద్రావకమైతే ముడులు విడిపోయి సంచీ ఆవిరిలో కుంగుతుంది. మరీ పేలవమైతే పైకి చెమటలా కారుతుంది. నాలుగు డిగ్రీల చలిలో వంగాలి, సెంట్రిఫ్యూజ్‌లో చిరగకూడదు, రక్తంలోకి తక్కువ దిగాలి, దిగినదాంతో పసిబిడ్డకు కీడు జరగకూడదు. ఇవన్నీ కుదిరినా ఎర్రకణాలను కాపాడే పని మిగిలిపోతుంది. దానికి నిల్వ ద్రావణాన్నే మార్చి చూస్తున్నారు. ఐరోపా సమాఖ్య వైద్య పరికరాల్లో డీఈహెచ్‌పీకి పెట్టిన గడువు 2030 జూలై 1. ఆ తేదీ దాటాక ప్రత్యేక అనుమతి లేనిదే అక్కడ దాన్ని వాడటానికి వీల్లేదు.